ఐదో నంబరు తొట్టి

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషి చేతికి తెల్ల కోటు ఇవ్వకూడదు. ఇస్తే ఏమవుతుందో ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్ళకు బాగా తెలుసు. తెలంగాణ ఇంకా రాలేదు. సెల్‌ఫోన్ అంటే మిస్డ్ కాల్ ఇవ్వడానికే గానీ మాట్లాడడానికి కాదని అందరం నమ్మిన కాలం. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, గోదావరిఖనిలో మా క్వార్టరు ముందు గదిలో కూర్చుని, పేపర్లో వచ్చే ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటున్న నాకు, ఊళ్ళోనే ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఆరు నెలల టెంపరరీ పని దొరికింది. మొదటి రోజే కోటు ఇచ్చారు. దాన్ని ల్యాబులో ఎంతసేపు వేసుకున్నానో గానీ, ఆటోలో, కూరగాయల బండి దగ్గర, చక్కీకి గోధుమలు పట్టించడానికి వెళ్ళినప్పుడు మాత్రం తప్పకుండా వేసుకున్నాను. (ఆదివారం కూడా వేసుకుందునేమో. చర్చికి తెల్ల కోటుతో వస్తే మళ్ళీ బాప్తిస్మం తీసుకోవడానికి వచ్చావనుకుంటారని అమ్మ ఆపింది.) మా బాపు బొగ్గుబాయిలో జుట్టు నెరిసిన మనిషి. ఆయన ఆ సాయంత్రమే మా క్వార్టర్ల లైనంతా తిరిగి "మా బిడ్డ సైంటిస్టయింది" అని చెప్పొచ్చాడు. "ఏం కనిపెట్టింది?" అని ఎవరో అడిగితే, "ఇయ్యాల్నే గద చేరింది, జర ఆగున్రి" అన్నాడట. కనుక ఏదో ఒకటి కనిపెట్టక తప్పని పరిస్థితి నాకు మొదటి రోజు నుంచే ఉంది.

ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వరండా, ఎప్పుడూ కారే ఒక కుళాయి. యజమాని రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. కోపం వస్తే చెవులతో మొదలై మెడ దాకా ఎర్రబడేవారు గనుక నేను మనసులో లిట్మస్ సారు అని పేరు పెట్టుకున్నాను. మూడో మనిషిని అందరూ కాక అని పిలిచేవారు. ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గుబాయి అండర్‌గ్రౌండులో పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన రోజు మెడలో దండ వేసి, డప్పులతో ఇంటిదాకా ఊరేగించి, చేతికి ఒక గోడ గడియారం ఇచ్చి పంపారట. వారం రోజులు ఇంట్లో ఆ గడియారాన్నే చూస్తూ కూర్చుని, ఎనిమిదో రోజు దాన్ని చంకలో పెట్టుకుని ల్యాబుకొచ్చి, "సారు, నాకేదన్న డ్యూటీ ఇయ్యి. డ్యూటీ లేకుంటే అన్నం లోపలికి పోతలేదు" అన్నాడట. వాచ్‌మన్‌గా, అటెండరుగా, కుళాయి రిపేరు చేసేవాడిగా (అది ఎప్పటికీ కారుతూనే ఉండేది) సారు పెట్టుకున్నారు. గడియారం ల్యాబు గోడకే వేలాడేది. పొద్దున ఏడు, పగలు మూడు, రాత్రి పదకొండు అంకెల దగ్గర కాక ఎర్ర పెన్సిలుతో చిన్న గీతలు పెట్టుకున్నాడు. గనుల్లో షిఫ్టు మారే వేళలవి. దూరంగా సైరన్ కూసినప్పుడల్లా కాక లేచి నిలబడేవాడు. ఎందుకు నిలబడ్డాడో గుర్తుకు రాక మళ్ళీ కూర్చునేవాడు.

మే నెలలో ఒక రోజు తెల్ల బూట్లు వేసుకున్న ఒకాయన వచ్చాడు. (గోదావరిఖనిలో తెల్ల బూట్లు వేసుకుని తిరగాలంటే ధైర్యమన్నా ఉండాలి, ఊరికి కొత్తన్నా అయి ఉండాలి. ఈయనకు రెండూ ఉన్నాయి.) ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్లు తిరిగే మట్టిరోడ్ల మీద దుమ్ము లేవకుండా, నీళ్ళలో కలిపి చల్లే మందు ఒకటి అమ్ముతాడట. వానలకు ఆ మందు కొట్టుకుపోయి వాగులో కలిస్తే చేపలకు హాని ఉంటుందో లేదో ఎక్కడైనా పరీక్ష చేయించి రిపోర్టు తెమ్మని గనులవాళ్ళు అన్నారట. సారు నన్ను పిలిచి, "నువ్వు జువాలజీ గదమ్మా, చేపల పని నీది" అన్నారు. తర్వాత, గొంతు తగ్గించి, "ఇది సరిగ్గా చేస్తివా, టెంపరరీ తీసేసి నిన్ను పర్మనెంటుగా పెట్టుకుంట" అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో గారెలు వండారు.

పరీక్ష చెప్పుకోవడానికి తేలికే. అయిదు గాజు తొట్లు, ఒక్కో తొట్టిలో పది చేపపిల్లలు. ఒకటో నంబరు తొట్టిలో మందు లేని మంచినీళ్ళు. రెండో దాని నుంచి మందు మోతాదు పెంచుకుంటూ పోవాలి, ఐదో నంబరులో అన్నిటికంటే ఎక్కువ. నాలుగు రోజులు, అంటే తొంభై ఆరు గంటలు, ఏ తొట్టిలో ఎన్ని చనిపోయాయో లెక్క రాసుకోవాలి. ఎంత మోతాదుకు సగం చేపలు చనిపోతాయో తేలితే మందు విషం ఎంతో తేలినట్టు. ఒకటో నంబరులో మాత్రం చేపలు బతకాలి. మంచినీళ్ళలోనే చేపలు చచ్చాయంటే తప్పు మందుది కాదు, పరీక్ష చేసినవాళ్ళది. ఈ చివరి వాక్యాన్ని నేను కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని కాకకు మూడుసార్లు వివరించాను. తర్వాత అది నాకే వచ్చి తగులుతుందని అప్పుడు తెలియదు.

చేపపిల్లలను కరీంనగర్ వైపు నుంచి నేనే బస్సులో తెచ్చాను. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో బొచ్చె పిల్లలు, ఒళ్ళో ఒక సంచి, కాళ్ళ దగ్గర రెండు. పక్క సీట్లో ఒక అవ్వ కాసేపు వాటిని మురిపెంగా చూసి, "సాదుకుంటానికా బిడ్డా?" అంది. కాదన్నాను. "మరి తింటానికా? గింత పసిపోరగాళ్ళను తింటరా ఎవలన్న?" అంది. సైంటిస్టును కదా, అబద్ధం ఆడకూడదు. "తింటానికి కాదవ్వా. మందు పోసి ఎన్ని సస్తయో లెక్కవెడ్తం" అన్నాను. అవ్వ నన్ను చెప్పుల నుంచి జడ దాకా ఒకసారి చూసి, బుట్ట తీసుకుని, కండక్టరును నెట్టుకుంటూ వెనక సీటుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత బస్సు ఎంత నిండినా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. రామగుండం దాకా ఇద్దరి సీట్లో నేనూ చేపలూ హాయిగా వచ్చాం.

వారం రోజులు పెద్ద సిమెంటు తొట్టిలో పెట్టి వాటిని మా నీళ్ళకు అలవాటు చేశాం. ఆ వారంలో కాక వాటికి బాగా మాలిమి అయిపోయాడు. దాణా వేసేది ఆయనే, మండుటెండకు తొట్టి మీద గోనెసంచులు తడిపి కప్పేది ఆయనే. పరీక్షకు ముందు రోజు నుంచి వాటికి తిండి పెట్టకూడదని చెప్పినప్పుడు మాత్రం కాక ముఖం చిన్నబోయింది. "ఉపాసం ఉంచి మరీ మందు తాగిపిస్తరా బిడ్డా? బాయిలకు దిగేటోనికి సుత టిఫిను కట్టి పంపుతరు" అన్నాడు. రూలు కాకా, అన్నాను. రూలు అంటే కాక ఎదురు చెప్పడు. ముప్పై ఏళ్ళు రూలు ప్రకారం దిగి, రూలు ప్రకారం పైకొచ్చిన మనిషి.

మొదటి పరీక్ష మొదలైంది. నేను పొద్దున పదింటికి, సాయంత్రం అయిదింటికి తొట్ల ముందు నిలబడి లెక్క రాసేదాన్ని. పగలు రెండింటికి ఎండకు తట్టుకోలేక భోజనానికి ఇంటికి పోయి, మూడున్నరకు వచ్చేదాన్ని. రాత్రిళ్ళు కాపలా కాకదే. రెండో రోజు పొద్దున చూస్తే, మూడో నంబరులో ఒకటి, నాలుగో నంబరులో మూడు చచ్చి తేలాయి. బాగుంది. ఐదో నంబరులో పదీ ఈదుతున్నాయి. సరే, గట్టివేమో అనుకున్నాను. ఒకటో నంబరులో, మంచినీళ్ళలో, రెండు చచ్చి తేలాయి. నాలుగు రోజులయ్యేసరికి నాలుగో నంబరులో ఆరు పోయాయి, మంచినీళ్ళలో నాలుగు పోయాయి, ఐదో నంబరులో ఒక్కటంటే ఒక్కటి పోలేదు.

సారు నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "కొంచెం తాగితే సస్తయి, ఎక్కువ తాగితే బతుకుతయి. మా మామ కల్లు గురించి ఇదే మాటంటడు. నువ్వు దాన్ని పట్టిక వేసి తెచ్చినవ్" అన్నారు. చెవులు ఎర్రబడుతున్నాయి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోకముందే చేపలను వేసి ఉంటావన్నారు. తొట్టి కడిగిన సబ్బు పోలేదన్నారు. తెల్లబూట్లాయన మాత్రం ఆ పట్టిక చూసి ఆనందంతో కుర్చీలో ఆగలేకపోయాడు. "ఇంకేం కావాలి సార్? మా మందు మంచినీళ్ళ కంటే మంచిదని రాసి ఇచ్చేయండి. ఫ్రేము కట్టించుకుంటాను" అన్నాడు. సారు అలా కుదరదని, మళ్ళీ చేయాల్సిందేనని అన్నారు.

ఇంటికొచ్చి ఏడుపు ముఖంతో "చేపలు చనిపోతున్నయమ్మా" అని మాత్రం అన్నాను. ఏ తొట్టిలోవి అని అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ బుధవారం మా లైనులో స్త్రీల కూటంలో అమ్మ దాన్ని ప్రార్థన అంశంగా పెట్టింది. ఐదు రొట్టెలు, రెండు చేపలతో అంతమందిని పోషించిన ప్రభువుకు యాభై చేపలను బతికించడం ఒక లెక్కా అని పాస్టరమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించింది. ఇరవై మంది ఆడవాళ్ళు ఆమేన్ అన్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. అన్నీ బతకడం తప్పని, కొన్ని చావాలని, ఎన్ని చావాలో పుస్తకంలో ఉందని ఆ భక్తి మధ్యలో లేచి ఎలా చెప్పను?

రెండో పరీక్షకు నీళ్ళను రెండు రోజులు ఎండలో పెట్టి క్లోరిన్ పోగొట్టాను. తొట్లను ఏడుసార్లు కడిగాను. గాలి పంపు మార్చాను. ఫలితం మళ్ళీ అదే. మంచినీళ్ళలో ఐదు చచ్చాయి. ఐదో నంబరులో పదీ నిక్షేపంగా ఉన్నాయి. ప్రార్థన ఫలించిందని అమ్మ కూటంలో సాక్ష్యం చెప్పడానికి తయారైంది. సారు ఈసారి కోప్పడలేదు, అదే నాకు భయమేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చూడమ్మా, ఇంకొక్కసారి చేద్దాం. ఈసారి సుత మంచినీళ్ళల్ల చేపలు చనిపోతే, నీకు ఈ పని రాదని నేను అనుకోవాల్సి వస్తది. నువ్వే వేరే ఏదన్న చూసుకో" అన్నారు. బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగితే కోటు చేత్తోనే తుడుచుకున్నాను. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, లైనులో కోటు లేకుండా నడవడం ఒక ఎత్తు. కాక దగ్గరికొచ్చి, "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఈసారి నేను ఇంక మంచిగ చూసుకుంట" అన్నాడు. ఆ మాటకు నా గుండె కరిగిపోయింది. (ఎంత తెలివైనదాన్నో చూడండి.)

మూడో పరీక్షలో రెండో రోజు పగలు భోజనానికి బయలుదేరి, చౌరస్తా దాకా పోయాక గొడుగు మరిచిపోయానని గుర్తొచ్చింది. ఎండ నలభై ఆరో నలభై ఏడో ఉంది. గొడుగు లేకుండా ఇంటికి చేరితే అమ్మ నన్నే ఎండిన మామిడి ఒరుగులా డబ్బాలో పెట్టుకోవచ్చు. వెనక్కి వచ్చి, దారిలో ఒక సోడా తాగి, ల్యాబు గుమ్మంలో కాలు పెట్టేసరికి మూడు గంటల సైరన్ మోగింది. లోపలి నుంచి కాక గొంతు వినబడింది. "ఆ, ఫస్ట్ షిఫ్టోళ్ళు పైకి రాన్రి. జల్ది, జల్ది. సెకండ్ షిఫ్టోళ్ళు తయారుండున్రి."

కిటికీలోంచి చూశాను. కాక చేతిలో చిన్న వల. మెడలో తువ్వాల. ఐదో నంబరు తొట్టిలో నోరు తెరుచుకుని పైకి వచ్చి గాలి మింగుతున్న చేపపిల్లను జాగ్రత్తగా వలలోకి తీశాడు, మంచినీళ్ళ తొట్టిలో వదిలాడు. మంచినీళ్ళ తొట్టిలోంచి హుషారుగా ఉన్న దాన్ని ఒకటి తీశాడు, ఐదో నంబరులో వదిలాడు. తీసినప్పుడొక గీత, వేసినప్పుడొక గీత పక్కనున్న నోటుబుక్కులో పెన్సిలుతో పెడుతున్నాడు. ఒకదానికి ఒకటి, లెక్క ఎక్కడా తప్పకుండా.

"కాకా!" అన్నాను. గొడుగు సంగతి మరిచి లోపలికి పరుగెత్తాను.

కాక ఏమాత్రం తొట్రుపడలేదు. "వచ్చినవా బిడ్డా, అయిపోయింది, ఇంక రెండే" అన్నాడు.

"ఏం చేస్తున్నవ్ కాకా?"

"షిఫ్టు మారుస్తున్న."

"చేపలకా?"

"మరి? గా ఐదో నంబరుల గ్యాసెక్కువున్నది, నువ్వే జెప్తివి గద. ఎనిమిది గంటలు జేసినంక ఎవరైనా పైకి రావాలె. నాలుగు రోజులు ఒక్కల్నే ఉంచుతరా? మన బాయిల గిట్లుంటే యూనియనోళ్ళు ఊకుంటరా?"

నేను మొదటి పరీక్ష నుంచీ ఇలాగేనా అని అడిగాను. మొదటి దినం నుంచే, అన్నాడు. పొద్దున ఏడింటికి, పగలు మూడింటికి, రాత్రి పదకొండింటికి. అన్నీ నేను లేని వేళలు. కళ్ళ ముందు నా రెండు పట్టికలూ తిరిగాయి. ఐదో నంబరులో ఎందుకు చావలేదో తెలిసింది. విషం మింగిన చేపలు డ్యూటీ దిగి మంచినీళ్ళలోకొచ్చి, అక్కడ ప్రాణం వదులుతున్నాయి. "మంచినీళ్ళల్ల కొన్ని చచ్చినంక అక్కడ పది లేవు గద కాకా, ఇక్కడ పది ఉన్నయి గద, అప్పుడెట్ల మార్చినవ్?" అన్నాను. ఆ అవస్థలో కూడా లెక్క ఎలా సరిపోయిందో తెలుసుకోవాలనిపించింది. కాక ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు పని తెలిసిన ప్రశ్న అడిగాననుకున్నాడు. "ఉన్నకాడికే మార్చిన. మిగిలినయి గట్టి చాపలు, ఇంకో షిఫ్టు ఆగి ఓటీ చేసినయ్" అన్నాడు.

నేను నేల మీద కూలబడ్డాను. నవ్వో ఏడుపో తెలియని ఒక శబ్దం నా నోట్లోంచి వచ్చింది. కాక కంగారుపడి గ్లాసుతో నీళ్ళిచ్చాడు. (అయిదో నంబరులోవి కావు, చూసుకుని తాగాను.) "నా ఉద్యోగం పోతుంది కాకా" అని చెప్పాను. ఎందుకు పోతుందో మొదటి నుంచి వివరించాను, ఈసారి జేబుల్లో చేతులు పెట్టుకోకుండా. కాక వింటూ వింటూ నాపక్కన నేల మీద కూర్చున్నాడు. తొట్ల వైపు చూస్తూ అన్నాడు. "నాకెర్కలే బిడ్డా. గవి నోరు దెరిచి పైకి పైకి చూస్తుంటే నాకు నాతోటి పనిజేసిన మా జోడీదారు యాదికొచ్చిండు. బాయిల గాలి ఆడక గిట్లనే చూసిండు. నేను గుంజుకొచ్చేసరికే ఆల్షమైంది." తర్వాత వలను నీళ్ళలో జాడించి, ఆరేయడానికి కిటికీ ఊచకు తగిలించాడు.

సారు సాయంత్రం వచ్చేవారు. ఆ రెండు గంటలూ నేను పడిన యాతన పగవాళ్ళకు కూడా వద్దు. నిజం చెబితే నా ఉద్యోగం నిలబడుతుంది, కాకది పోతుంది. డ్యూటీ లేకుంటే అన్నం లోపలికి పోని మనిషి. చెప్పకపోతే నాది పోతుంది. సారు రాగానే ఎదురెళ్ళి, ఒక్క ఊపిరిలో, "సార్, తొట్ల మీద నంబర్లు నేనే తప్పు అంటించిన. మూడుసార్లూ. తప్పంతా నాదే" అన్నాను. మూడుసార్లూ ఒకే తప్పు ఎలా చేశావని సారు అడిగారు. దానికి జవాబు ఆలోచించుకోలేదు. అబద్ధాలకు కూడా కాస్త పరీక్షా పద్ధతి ఉండాలని అప్పుడు అర్థమైంది. సారు చెవులు ఎర్రబడ్డాయి, మెడ ఎర్రబడింది. "రేపట్నుంచి..." అని మొదలుపెట్టారు.

అప్పుడు వెనక నుంచి కాక వచ్చి, నోటుబుక్కు సారు బల్ల మీద పెట్టాడు. "బిడ్డ అబద్ధమాడుతున్నది సారు. మస్టర్ నా దగ్గరున్నది" అన్నాడు.

మస్టర్ అంటే గనిలో హాజరు పుస్తకం. ఎవరు ఎప్పుడు దిగారు, ఎప్పుడు పైకొచ్చారు. కాక చేపలకు కూడా రాశాడు. తేదీ, షిఫ్టు, ఏ తొట్టిలోంచి ఎన్ని, ఏ తొట్టిలోకి ఎన్ని, పైకొచ్చిన వాటిలో తర్వాత ఎన్ని పోయాయి. అడ్డగీతలు, నిలువుగీతలు, ఒక్క కొట్టివేత లేదు. సారు ఒక పేజీ తిప్పారు. రెండు తిప్పారు. కళ్ళజోడు సర్దుకున్నారు. ఎరుపు మెడ దాకా వచ్చి ఆగింది, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. "ఓటీ అంటే ఏంది కాకా?" అన్నారు. కాక చెప్పాడు. సారు బల్ల మీద తలపెట్టేశారు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని నేనూ కాకా ఒకరినొకరు చూసుకున్నాం. తల ఎత్తేసరికి కళ్ళలో నీళ్ళున్న మాట నిజమే గానీ, ఆయన నవ్వుతున్నారు. "అమ్మాయ్, నువ్వు రాసిన రెండు పట్టికలకంటే ఈ పుస్తకం మంచిగున్నది. చూసి నేర్చుకో" అన్నారు.

నవ్వు తగ్గాక సారు కాకను ఎదురుగా కూర్చోబెట్టారు. మళ్ళీ పరీక్ష చేయాలని, ఈసారి ఎవరినీ మార్చకూడదని చెప్పారు. కాక తువ్వాల మడతలు పెట్టుకుంటూ, "గవి సస్తెనే మందు సంగతి తెలుస్తదా సారు?" అన్నాడు.

"తెలుస్తది. తెలియకపోతే ఏమైతదో చెప్పు. ఆ మందు రోడ్డు మీద పడ్తది, వానకు వాగులకు పోతది. వాగుల ఎన్ని చేపలున్నయి కాకా? వాటికి షిఫ్టు మార్చేటోడు ఎవడున్నడు?"

కాక గడియారం వైపు చూశాడు. తల ఊపాడు. తర్వాత, "అయితే ఒక్కటి సారు. మంచినీళ్ళ తొట్టి డ్యూటీ నాకియ్యి. దాంట్లె ఒక్కదాన్ని పోనియ్య" అన్నాడు.

నాలుగో పరీక్ష జూన్ మొదట్లో పెట్టాం. కాక తన కుర్చీని ఒకటో నంబరు తొట్టికి ఎదురుగా, ఐదో నంబరుకు వీపు చేసి వేసుకున్నాడు. నాలుగు రోజులూ ఆ కుర్చీ తిరగలేదు. సైరన్ మోగినప్పుడు లేచేవాడు, చేతులు వెనక కట్టుకునేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. ఐదో నంబరులో మొదటి రోజే ఏడు పోయాయి, రెండో రోజుకు పదీ పోయాయి. వాటిని తీసి పక్కన పెట్టింది నేనే. కాకను అడగలేదు. నాలుగో నంబరులో ఆరు, మూడో నంబరులో ఒకటి. ఎక్కడ సగం పోతాయో లెక్క కట్టడానికి అంతకంటే చక్కటి పట్టిక పుస్తకాల్లో కూడా లేదు. మంచినీళ్ళలో పదికి పది ఈదుతున్నాయి. (ఆ వారం నేను ఇంట్లో చేపల ఊసెత్తలేదు. ప్రార్థనలు ఇక చాలనిపించింది.)

పరీక్ష ముగిసిన రోజు మిరుగం. మృగశిర కార్తె మొదలయ్యే రోజు మావైపు చేప తినని ఇల్లుండదు. చౌరస్తా నుంచి బస్టాండు దాకా చేపల గంపలే. ఊరంతా పులుసు వాసన. కాక ఇంటి నుంచి మనవడు టిఫిను తెచ్చాడు. మూత తీసి చూసి, మళ్ళీ మూసి, "ఇయ్యాల నాకు పప్పుంటే చాలు" అన్నాడు కాక. ఆ పులుసు నేనే తిన్నాను. చెప్పకూడదు గానీ చాలా బాగుంది.

మందు ఆ మోతాదుల్లో చేపలను చంపుతుందని, వాగుల దగ్గర చల్లకూడదని రిపోర్టు రాశాం. తెల్లబూట్లాయన చదివి, ఫ్రేము మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు. వరండాలో కుళాయి కింద బురదలో ఒక బూటు దిగబడిందని కాక తర్వాత ఎంతో తృప్తిగా చెప్పాడు. రిపోర్టు చివర నేను చక్కగా సంతకం చేసి, దాని కింద గుండ్రటి అక్షరాలతో "సైంటిస్టు" అని రాసుకున్నాను. సారు ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేశారు. పైన "ల్యాబ్ అసిస్టెంటు" అని రాశారు. ఎప్పుడూ దాని పక్కన ఉండే టెంపరరీ అనే మాట ఈసారి లేదని నేను గమనించడానికి చాలాసేపే పట్టింది.

ఆ సాయంత్రం మంచినీళ్ళ తొట్టిలోని పది చేపలనూ కాక స్టీలు బకెట్టులోకి తీశాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో ఒక బంతిపూల దండ తెచ్చి బకెట్టుకు వేశాడు. ముగ్గురం షేరింగ్ ఆటో ఎక్కి గోదావరి ఒడ్డుకు బయలుదేరాం. దండ చూసి ఆటో అతను, "ఎవలది కాకా రిటైర్మెంటు?" అన్నాడు. "వీళ్ళదే" అన్నాడు కాక బకెట్టు చూపిస్తూ. అతను ఒకసారి వెనక్కి చూసి, మరేమీ అడగకుండా, మా కోసం హారన్ డప్పులాగా మోగించుకుంటూ పోయాడు. నీళ్ళలో వదిలేటప్పుడు కాక ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టాడు. సారు చప్పట్లు కొట్టారు. నేను కోటు తడవకుండా గట్టు మీదే నిలబడ్డాను. దిగి ఉండాల్సింది. ఇప్పటికీ అనుకుంటాను, కోటు తడిస్తే ఏమయ్యేది?

ఇప్పుడు నేను కాలేజీలో పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. కోటు పాతబడి, గుండీలు పోయి, ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద గుడ్డ అయ్యింది. కాక లేడు. పోయే ముందు ఆ మస్టర్ పుస్తకం నాకే ఇమ్మన్నాడని మనవడు తెచ్చిచ్చాడు. ప్రయోగం ఎలా చేయకూడదో చెప్పడానికి ప్రతి ఏడూ దాన్ని క్లాసుకు పట్టుకుపోతాను. షిఫ్టుల దగ్గర నవ్వు మొదలవుతుంది, ఓటీ దగ్గరికొచ్చేసరికి బెంచీలు ఊగుతాయి. నేనూ నవ్వుతాను, ఆ తెల్లకోటు పిల్లను తలుచుకుని మరీ నవ్వుతాను. చివరి పేజీ మాత్రం వాళ్ళకు చూపించను. అది నాలుగో పరీక్ష పేజీ. రెండే గడులు: దిగినయి, పైకొచ్చినయి. ఒకటో నంబరుకు ఎదురుగా పది, పది అని ఉంటుంది, పక్కన సంతోషంగా ఒక గీత. ఐదో నంబరుకు ఎదురుగా దిగినయి పది అని ఉంటుంది. రెండో గడిలో ఏమీ లేదు. నా పట్టికలో అక్కడ నేను సున్నా రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. కాక పెన్సిలును అక్కడ పెట్టి, తీసేసినట్టు, కాగితం మీద చిన్న చుక్క మాత్రం ఉంది.